కడగకూడని బాడిస

ఫ్రైబర్గ్
దసరా వెళ్లిన వారం

వదినా,

నువ్వూ గీతికా క్షేమంగా ఇల్లు చేరారని అన్నయ్య చెప్పాడు. అనుకున్న మాట ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి కొట్టి చేతిరాత మరిచిపోయామని వాపోయింది నువ్వే కదా. చూడు నా రాత, కోడి కెలికినట్టుంది. నవ్వుకో.

ముందుగా ఒక మాట. నిన్ను ల్యాబ్‌లోకి తీసుకెళ్లిన సంగతి ఎవరితోనూ అనొద్దు, అన్నయ్యతో కూడా. ఆ గదిలోకి ప్రొఫెసర్ లిండ్నర్, నేను తప్ప మూడో మనిషి అడుగు పెట్టకూడదు. నాలాంటి మాస్టర్స్ విద్యార్థికి తాళంచెవి ఇవ్వడమే గొప్ప. పండగపూట అంత దూరం నుంచి వచ్చి, "ఒక్కసారి చూపియ్యి చంద్రికా, నీ రాతి బాడిస ఏందో చూస్త" అని నువ్వు పట్టుబడితే కాదనలేకపోయాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది. పిరికిదని వెక్కిరిస్తావు, తెలుసు.

ఆ పూట గీతిక పాల కోసం ఏడ్చి మన మాటలు సాగనివ్వలేదు. అదేమిటో ఇప్పుడు చెబుతాను. పసిఫిక్ సముద్రం మధ్యలో ఇరిమోతు అని ఒక చిన్న దీవి ఉంది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. ఒకప్పుడు ఉండేవారు. ఆ సంగతి ముందుగా చెప్పింది ఎలుకలు! మనుషుల పడవల్లో ఎక్కి వస్తే తప్ప ఎలుకలు అంత సముద్రం దాటలేవు. తవ్వితే కింది పొరల్లో ఒక్క ఎలుక ఎముకా లేదు. కాస్త పైకి వచ్చేసరికి ఎముకలు, ఎలుకలు కొరికిన గింజల పెంకులు, పక్కనే పొయ్యిల బొగ్గు. ఇంకా పైకి వస్తే ఎలుకలే ఉన్నాయి, బొగ్గు లేదు. నిప్పు రాజేసేవాళ్లు లేకుండా పోయారన్నమాట. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నువ్వు చూసిన బాడిస, చెక్క చెక్కే ఆ రాతి పనిముట్టు, అక్కడ దొరికిందే. ఆ దీవి మొత్తం పగడం, నల్లరాయి అక్కడ పుట్టదు. కాబట్టి ఏదో అగ్నిపర్వతపు దీవి నుంచి ఎవరో పడవలో తెచ్చుకున్నారు. ఏ దీవి? వందల మైళ్ల అవతల ఉన్న ఒక దీవివాళ్లు, "మా ముత్తాతలే అక్కడికి వెళ్లారు" అంటున్నారు. వాళ్ల కొండరాయీ ఈ రాయీ ఒకటేనా అని ఎక్స్‌రే యంత్రంతో చూసి చెప్పడమే మా పని. కోయకూడదు, కడగకూడదు. అంచున ఇంకా అప్పటి చెట్ల పసరు అంటుకుని ఉండొచ్చు, అది పోతే మళ్లీ రాదు. ఆ షరతు మీదే వాళ్లు రాయిని ఇక్కడికి పంపారు. డిసెంబరులో వాళ్లలో తెయూరా అనే పెద్దావిడ స్వయంగా వచ్చి తీసుకెళ్తుంది.

వచ్చేవారం కొలతలు. ఏమీ తేడా రాకూడదని దండం పెట్టుకో.

నీ
చంద్రిక

◆

జిండెల్ఫింగెన్
అక్టోబరు

పిరికి చంద్రికమ్మకు,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య పక్కనే ఉన్నా నవ్వు ఆపుకోలేకపోయాను. ఏమైందని అడిగితే, మీ చెల్లెలు ఎలుకల మీద పరిశోధన చేస్తోందని చెప్పాను. "గందుకేనా లక్షలు పోసి జర్మనీ పంపింది" అన్నాడు. ల్యాబ్ సంగతి చెప్పలేదు, భయపడకు.

ఇక్కడ ఇంట్లో నవ్వు తక్కువగానే ఉంది. కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే మా కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తారట. ఎవరి పేరు ఉందో ఎవరికీ తెలియదు. కాఫీ మెషీన్ దగ్గర అందరూ మర్యాదగా పలకరించుకుంటూ ఒకరి మొహంలోకి ఒకరు తొంగి చూసుకుంటున్నాం. నా ఉద్యోగపు వీసా, ఆ బ్లూ కార్డు మీదే కదా ఇల్లంతా నడుస్తున్నది. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాం, డిసెంబరులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. అది అయ్యేదాకా ఏ గాలీ మన వైపు వీచకూడదు.

గీతిక సరిగ్గా తినడం లేదు. కడుపునొప్పి అంటుంది, ఊరికే చిరాకు పడుతుంది. తను వెళ్లే పిల్లల బడి, కీటాలో టీచరు రెండుసార్లు పిలిచి చెప్పింది. వేసవిలో ఇండియా వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇంతే. అమ్మమ్మ మీద బెంగ అనుకుంటున్నాను.

ఒక సందేహం. ఇంజనీరును కాబట్టి అడుగుతున్నాను, వేరేగా అనుకోకు. మీ యంత్రం రాయి లోపలి సంగతి చూస్తుందా, పైన అంటుకున్న దుమ్మూ ధూళీ కూడా చూస్తుందా? కొలిచే ముందు కనీసం మెత్తటి గుడ్డతోనైనా తుడుస్తారా?

నీ
వదిన

◆

ఫ్రైబర్గ్
నవంబరు మొదట్లో

వదినా,

తుడవరు. పైన ఏముందో దాన్నే యంత్రం ముందు చూస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలిసేలా జరిగింది.

నిన్న కొలతలు పెట్టాం. ఆ యంత్రం సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టేదానిలాగే ఉంటుంది, చేత్తో పట్టుకుని రాయికి ఆనిస్తాం. మొదటి చోట బాగానే వచ్చింది. పదును ఉన్న వైపు ఆనించగానే యంత్రం తెర మీద సీసం గీత పైకి లేచింది. సముద్రపు దీవుల నల్లరాయిలో సీసం ఉండీ లేనట్టు ఉంటుంది. ఇది ఏ దీవిలోనూ లేనంత. ప్రొఫెసర్ నా చేతిలోంచి యంత్రం తీసుకుని మళ్లీ మళ్లీ ఆనించారు. ఎప్పుడూ గది దాటేటప్పుడు ఇక్కడి గనివాళ్ల పద్ధతిలో "గ్లూక్ అవుఫ్" అని నవ్వుతూ వెళ్లే మనిషి, నిన్న తలెత్తి నన్ను చూడలేదు.

"ఇది సీసం కలిసిన రంగు. ఈమధ్య పూసిన రంగు" అన్నారు. "తవ్విన చోట జరిగిందా, దారిలో జరిగిందా, ఇక్కడ జరిగిందా?"

నేను రాయిని మళ్లీ స్పాంజి మీద సర్దాను.

"ఈ గదిలోకి ఇంకెవరైనా వచ్చారా?"

లేదన్నాను వదినా. ఆలోచించకుండానే అబద్ధం నోట్లోంచి జారిపోయింది. ఆయన తల పంకించి, "అయితే తవ్వినవాళ్ల దగ్గరే ఏదో మోసం ఉంది. ఈ రాయిని సాక్ష్యంగా ఒప్పుకోలేమని రాయాలి" అన్నారు. ఇక్కడే జరిగిందని తేలితే మాత్రం సంగతి యూనివర్సిటీ లాయర్ల చేతికి, అక్కడి నుంచి పోలీసుల దాకా వెళ్తుందట. ఆ మాట నా వైపు చూసే అన్నారో, గోడ వైపు చూసి అన్నారో గుర్తు లేదు.

రంగు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నిజంగా తెలియదు. కానీ లోపలికి నిన్ను తీసుకొచ్చింది నేను, లేదని చెప్పిందీ నేనే. నా వీసా జనవరితో అయిపోతుంది. యూనివర్సిటీవాళ్లు ఒక్క మాట రాస్తే చాలు, మళ్లీ ఇవ్వరు. కారిడార్లో బూట్ల చప్పుడైతే తలుపు వైపు చూస్తున్నాను.

చంద్రిక

◆

జిండెల్ఫింగెన్
నవంబరు

చంద్రికా,

ఎవరూ రాలేదని చెప్పావు కదా. ఆ మాట మీదే ఉండు.

తవ్వినవాళ్లు ఎవరో, ఏం చేశారో మనకెందుకు? పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు, వాళ్లే తేల్చుకుంటారు. మా టెర్మిన్ దగ్గరికొచ్చింది. ఆఫీసులో మొదటి లిస్టు బయటికొచ్చింది, నా పక్క బల్ల మనిషి పేరు ఉంది. ఇలాంటప్పుడు నా పేరు ఏ పోలీసు కాగితం మీదా ఉండకూడదు. నువ్వు నా ఆడపడుచువి కాబట్టి ఇంత సూటిగా రాస్తున్నాను.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. ఫోన్లో ఈ మాట ఎత్తకు. మీ అన్నయ్య ఇంట్లో నుంచే పని చేస్తున్నాడు, అన్నీ వినపడతాయి.

వదిన

◆

ఫ్రైబర్గ్
నవంబరు

వదినా,

చింపలేదు. నీ ఉత్తరం రెండు రోజులు కోటు జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఇది నువ్వు రాసిందేనా అని మధ్యమధ్యలో తీసి చూసుకున్నాను. ఒక్క హాస్యం మాట లేదు అందులో. నువ్వెప్పుడూ అలా రాయవు. నువ్వు భయపడుతున్నావు. దేనికి భయపడుతున్నావో నేనే చూడాలనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ప్రొఫెసర్ క్లాసులో ఉండగా బాడిసను సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆ రాయికి ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు. పదునుకు కాస్త పైన, సరిగ్గా నడిమధ్యన, ఒక గుంటలో ఎర్రటి పొడి. పక్కనే పసుపుపచ్చ రవ్వ.

వదినా, తవ్వకాల్లో మోసం చేసేవాళ్లు పసుపూ కుంకుమా వాడరు.

గీతికకు పాలు వేడిచేయడానికి నేను ల్యాబ్ పక్క కిచెన్‌లోకి వెళ్లిన ఆ కాసేపట్లో బొట్టు పెట్టావు. నా అడుగుల చప్పుడు విని తుడిచేశావు. అవునా కాదా? తుడిచేసి, కొలిచే ముందు గుడ్డతో తుడుస్తారా అని నన్నే అడిగావు. అంతా తెలిసీ, తవ్వినవాళ్ల మీదికి పోనివ్వమన్నావు. నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది. ఎక్కువగా భయమే వేస్తోంది. తెయూరా అనే ఆవిడ విమానం టికెట్టు కూడా కొనుక్కుంది. వాళ్ల పెద్దల మాటకు భూమ్మీద మిగిలిన రుజువు ఈ ఒక్క రాయే. మనుషులు వచ్చారని ఎలుకలు చెబుతాయి. ఎవరు వచ్చారో చెప్పగలిగే ఒక్క రాయి నోరు మనం నొక్కేశాం.

తడిగుడ్డతో ఆ గుంటను శుభ్రంగా తుడిచేసి మళ్లీ కొలిస్తే సరిపోతుంది కదా అని కూడా అనిపించింది. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. నా చేతిని చూసి నాకే భయమేసి అక్కడ పెట్టేశాను.

నిజం రాయి. నాకైనా రాయి.

చంద్రిక

◆

జిండెల్ఫింగెన్
నవంబరు చివర

చంద్రికమ్మా,

అవును. నేనే.

బాలానగర్‌లో మా నాన్న చలపతి లేత్ మిషన్ల షాపు నీకు తెలుసు కదా. దసరా రోజు మిషన్లన్నీ ఆపేసి, కడిగి, ఒక్కో దానికి పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్లం. సుత్తులు, స్పానర్లు, ఆఖరికి ఊడ్చే చీపురుకు కూడా. బొట్లు పెట్టే పని నాదే. ఆరోజు పనిముట్టును బోసిగా వదిలేస్తే నాన్న కళ్లెర్రజేసేవాడు. నీ బాడిసను చూసేసరికి నా చేయి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పొద్దున ఇంట్లో కారుకు పెట్టగా మిగిలిన పసుపూ కుంకుమా అందులోనే ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ల కిందటి పనిమంతుడి చేతిదో! అయినవాళ్లెవరూ లేకుండా స్పాంజి మీద పడుకుని ఉంది. పెట్టాక ఎంత కళ వచ్చిందో తెలుసా. నీ చెప్పుల చప్పుడు వినపడగానే గీతిక కోసం తెచ్చిన తడి టిష్యూతో తుడిచేశాను. రాయే కదా, పోతుందనుకున్నాను.

సీసం అని నువ్వు రాసిన రోజు, ముందు నాకు ఉద్యోగం గురించే భయమేసింది. అందుకే ఆ పాపిష్టి ఉత్తరం రాశాను. పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చేసరికి గీతిక అద్దం ముందు నిలబడి ఉంది. తన బొట్టు వేలితో చెరిపి, ఆ వేలు నోట్లో పెట్టుకుంటోంది. రోజూ చేసే పనే. రోజూ తిడతాను, మళ్లీ మరిచిపోతాను.

అప్పుడు తట్టింది చంద్రికా. రాయి మీదికి సీసం ఎక్కడి నుంచి వచ్చింది? నేను పెట్టినదాంట్లోంచేగా! వేసవిలో ఊరెళ్లినప్పుడు సంతలో కుంకుమ గుట్టలుగా పోసి అమ్ముతుంటే ఆ ఎరుపు చూసి మనసుపడి లూజుగా కొన్నాను. అప్పటి నుంచీ పాపకు అదే పెడుతున్నాను. అప్పటి నుంచే కడుపునొప్పి.

ఇంట్లో ఉన్నదంతా తీసి కట్టి పక్కన పెట్టాను. కాదేమో, నా పిచ్చి భయమేమో అనుకుంటున్నాను. మీ అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. పిల్లల డాక్టరు దగ్గర టెర్మిన్ ఇంకో రెండు వారాలకు గానీ లేదట. ఏమని చెప్పి తొందరపెట్టను? నా చేత్తో నా బిడ్డకు విషం పెట్టానని చెప్పనా?

ఈ కవర్లో కాస్త కుంకుమ పొట్లం కట్టి పెట్టాను. ఎవరూ లేనప్పుడు మీ యంత్రం కింద పెట్టి చూడు. ఇంకేమీ అడగను.

నీ వదిన

◆

ఫ్రైబర్గ్
డిసెంబరు మొదట్లో

వదినా,

ఫోన్లో "ఉంది, చాలా ఉంది, ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లు" అని మాత్రమే చెప్పి పెట్టేశాను. మిగతాది ఇదిగో.

ఎవరూ లేనప్పుడు కొలిచే వీలు నాకు లేదు. రంగు సంగతి బయటపడిన మర్నాడే ప్రొఫెసర్ యంత్రాన్ని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. నీ పొట్లం చేత్తో పట్టుకుని ఆయన తలుపు ముందు నిలబడ్డాను. లోపలికి వెళ్తే నా చదువు, నా వీసా, నీ టెర్మిన్ అన్నీ పోవచ్చు. వెళ్లకపోతే గీతిక... నేను ఎక్కువసేపు నిలబడలేదు. నిలబడితే పారిపోయేదాన్నని నాకు తెలుసు.

ముందు అబద్ధమాడానని చెప్పాను. తర్వాత పండగ సంగతి, మీ నాన్న షాపు సంగతి, నీ సంగతి, పాప సంగతి, అన్నీ వరస తప్పి చెప్పాను. సగం జర్మన్, సగం ఇంగ్లీషు, మధ్యలో తెలుగు కూడా వచ్చేసింది. ఆయన మొహం ఎర్రబడింది. "మీరు నా దగ్గర చేసిన పని ఎంత పెద్దదో మీకు తెలుసా?" అని అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. అరుస్తూనే తాళం తీశారు. నా చేతిలోంచి పొట్లం లాక్కుని ఆయనే యంత్రం కింద పెట్టారు.

గీత తెర పైఅంచు దాకా లేచి ఆగిపోయింది వదినా. ప్రొఫెసర్ అరవడం మానేశారు. "పిల్ల వయసెంత?" అని అడిగి, యంత్రం చూపిన సీసం అంకెను కాగితం మీద రాసి, కింద తన సంతకం పెట్టి, "ఇది డాక్టరుకు పంపండి. టెర్మిన్ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లమనండి" అన్నారు. నేను ఫోన్ చేసింది ఆయన గదిలోంచే. ఫోటో పంపింది కూడా అక్కడి నుంచే.

ల్యాబ్ పని ఈ నెలాఖరుతో ఆఖరట. చదువు సంగతి కమిటీ తేలుస్తుంది. నీ పేరు ఆయన రాసుకున్నారు. వాళ్ల మీద తన అనుమానం తప్పేనని తవ్వినవాళ్లకు ఆ పూటే ఉత్తరం రాశారు. ఇక తెయూరా గారు వస్తారు. ఆవిడకు చెప్పాల్సింది నేనేనట.

చంద్రిక

◆

జిండెల్ఫింగెన్
డిసెంబరు

చంద్రికమ్మా,

రక్తం తీసుకున్నారు. ఫలితానికి కొన్ని రోజులు పడుతుందట. గీతిక ఏడవలేదు. నర్సుతో "ఇష్ హబె కైనె ఆంగ్స్ట్" అంది. నాకు భయం లేదు అని. ఆ మాట వినగానే నేను బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

మీ అన్నయ్యకు అంతా చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు. తర్వాత, "చెల్లె ఒక్కతే గా ఆఫీసుల నిలబడి చెప్పిందా? నువ్వెందుకు పోలే?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు చింపని ఆ ఉత్తరాన్ని ఇప్పుడు చింపెయ్యి. దాన్ని రాసిన మనిషిని నేను కాదని అనను. కానీ అది నీ దగ్గర ఉండటం నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ వచ్చే రోజున రావాలని ఉంది, పాపను వదిలి కదల్లేను. పేరు మాత్రం దాచకు. భానుప్రియ అనే చెప్పు.

వదిన

◆

ఫ్రైబర్గ్
డిసెంబరు

వదినా,

ఆవిడ వచ్చారు. ఇప్పుడే గదికి తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను.

మన పెద్దమ్మల వయసు ఉంటుంది. ఎవరిదో అరువు తెచ్చుకున్న పెద్ద కోటు, కాళ్లకు రెండు జతల మేజోళ్లు. బయట క్రిస్మస్ సంత గోల, లోపల మేం ముగ్గురం, బల్ల మీద బాడిస. ప్రొఫెసర్ గ్రాఫులు చూపించబోతే ఆవిడ చేయెత్తి ఆపి నా వైపు చూశారు. నేను లేచి నిలబడి చెప్పాను. బల్ల అంచు పట్టుకునే ఉన్నాను.

బొట్టు సంగతి చెబుతుంటే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "ఎవరినడిగి తాకింది?" అన్నారు. ఎవరినీ అడగలేదన్నాను. "దండం పెట్టడానికైనా సరే, అడగాలి" అన్నారు. ఆ గొంతులో కోపాన్ని నేను మరిచిపోలేను. తర్వాత చాలాసేపు రాయితోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడారు. ఆ దీవికి వెళ్లినవాళ్లు వాళ్ల ఊరివాళ్లేనట. మొదట్లో పడవలు వెళ్లేవి, వచ్చేవి. తర్వాత వాళ్ల దీవిలో కొట్లాటలొచ్చి, చెట్లు తరిగి, పడవలు కట్టడం మానేశారు. ఇరిమోతులో ఉన్నవాళ్లు ఎదురుచూశారు. ఎవరూ వెళ్లలేదు.

"మేం గొప్ప చెప్పుకోవడానికి ఈ రాయి అడగడం లేదు" అన్నారు. "వాళ్లు మావాళ్లని, మేం వెళ్లలేదని ఒప్పుకోవడానికి. అక్కడ పిల్లలు కూడా ఉండేవారు."

తుడిచినప్పుడు రంగు ఒళ్లంతా గుంటల్లోకి పాకింది, పైపై కొలతలు ఇక నమ్మలేం, లోపలి రాయి మాత్రం శుభ్రంగా ఉంటుంది కాబట్టి గోరంత పెచ్చు తీయనిస్తే నిజం తేలుతుందని ప్రొఫెసర్ బతిమాలారు. ఆవిడ ఒప్పుకోలేదు. "మీకు అనుమానం వచ్చిందని దానికి గాయం చేయను" అన్నారు. కాబట్టి ఇక ఎవరి కొండరాయో రుజువు కాదు వదినా. మన వల్ల.

అంతా అయిపోయిందనుకుని నా సంచీ తీసుకుంటుంటే ఆవిడ నా చేయి పట్టుకున్నారు. తిడతారనుకున్నాను.

"ఆ పాప ఎలా ఉంది?" అన్నారు.

ఫలితం ఇంకా రాలేదన్నాను. ఆవిడ తల ఊపారు. "నాకు కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోకు. కానీ నేను శనివారం దాకా ఈ ఊళ్లోనే ఉంటాను. తెలిసిన వెంటనే నాకు చెప్పు" అన్నారు.

అంత దూరం నుంచి రాయి కోసం వచ్చిన మనిషి వదినా. అప్పటిదాకా ప్రొఫెసరూ నేనూ పాప సంగతి మరిచిపోయి రాయి గురించే మాట్లాడాం.

చంద్రిక

◆

జిండెల్ఫింగెన్
శుక్రవారం

తెయూరా గారికి,

నమస్కరించి భానుప్రియ రాయునది. మీకు తెలుగు రాదు, నాకు మీ భాష రాదు. ఈ కాగితాన్ని ఫోటో తీసి చంద్రికకు పంపుతున్నాను, తను చదివి మీకు చెబుతుంది. ఆఫీసు ఇంగ్లీషులో రాస్తే ఈ మాటలు నావిగా ఉండవని నా భాషలోనే రాస్తున్నాను.

మీ పెద్దల బాడిసకు అడగకుండా బొట్టు పెట్టింది నేను. దాన్ని మురికి చేయాలని కాదు. కానీ చేశాను. ఆ తర్వాత దాచాను, నా ఆడపడుచును దాచమన్నాను, ఏ తప్పూ లేనివాళ్ల మీదికి తోసేయమన్నాను. మొదటిది తెలియక చేసింది. మిగతావన్నీ తెలిసే చేశాను. యూనివర్సిటీ లాయరు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. అందులో అడిగినదానికల్లా నేనే చేశానని సంతకం పెట్టి పంపాను. మా టెర్మిన్ ఏమవుతుందో తెలియదు. మీరు క్షమించాలని అడగడం లేదు.

మీరు అడిగినదానికి జవాబు ఇవాళ వచ్చింది. పాప రక్తంలో సీసం ఉంది. ఉండకూడనంత ఉంది. డాక్టరు చెబుతుంటే ఆ అంకెను కాగితం మీద రాసుకున్నాను. మందు అవసరం రాలేదని, ఇప్పుడే ఆపేశారు కాబట్టి మెల్లగా దిగుతుందని, ప్రతి నెలా చూస్తామని ఆయన అన్నారు. ఇంకో ఏడాది ఇలాగే సాగి ఉంటే అని ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆపేశారు. ఆ ఆగిపోయిన మాట ఇప్పటికీ నా వెంటే ఉంది.

కడుపునొప్పి బెంగ వల్లే అనుకుని నేను ఊరుకునేదాన్ని. మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, కీటాలో రాలేదు. మీ రాయి పట్టి చూపించకపోయి ఉంటే, ఈ పొద్దున కూడా స్నానం చేయించి, తల దువ్వి, నా చేత్తో దాని నుదుటి మీద బొట్టు పెట్టి పంపేదాన్ని.

భానుప్రియ